యాస పట్టాలంటే ముందు నోరు మూసుకోండి

కొత్త నటుడికి "ఇది కరీంనగర్ కుర్రాడి పాత్ర" అనో, "ఇది చిత్తూరు పిల్ల పాత్ర" అనో చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళు మొదలుపెడతారు. ఆ ప్రాంతం మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఆ యాసలో కామెడీ వీడియోలు చూడు. అద్దం ముందు నిలబడి డైలాగులు చెప్పుకో. ఇంకేమైనా మిగిలితే డబ్బింగ్‌లో చూసుకుందాం. ఈ నాలుగు సలహాలూ బుద్ధిగా పాటించి పాడైపోయిన పాత్రలు మన తెరమీద కొల్లలు. అందుకే వాటికి సరిగ్గా అడ్డం తిరిగే సలహాలు ఇక్కడ రాస్తున్నాను. చదవగానే తలకిందులుగా ఉన్నాయనిపిస్తుంది. నాటకాల రిహార్సళ్ళలోనూ డబ్బింగ్ గదుల్లోనూ నటుల పక్కన కూర్చుని చూసినవాడిగా చెబుతున్నాను, పనికొచ్చేవి ఇవే.

మొదట మాట్లాడకండి

పాత్ర ఏ ఊరిదో ఆ ఊరికి వెళ్ళండి, వెళ్ళాక నోరు విప్పకండి. సినిమా మనిషి వచ్చాడని తెలిసిందంటే ఊళ్ళోవాళ్ళ మాట క్షణంలో మారిపోతుంది. మీకు అర్థమయ్యేలా చెప్పాలన్న మర్యాదతో వాళ్ళు టీవీ తెలుగులోకి దిగిపోతారు. మీరు నేర్చుకోవడానికి వచ్చిన యాస మీ ముందు నుంచే తప్పుకుంటుంది. కాబట్టి మీతో మాట్లాడేవాళ్ళ కోసం వెతక్కండి. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళ పక్కన కూర్చోండి. ఆర్టీసీ బస్‌స్టాండు బెంచీ, రేషన్ షాపు వరస, రైతు బజారు, సర్కారు ఆస్పత్రి ఓపీ గది ముందు గంటల తరబడి ఎదురుచూసే జనం, వీటికి మించిన బడి లేదు.

అక్కడ మాటలు వినొద్దు. ఇది ఇంకా విడ్డూరంగా ఉంటుందని తెలుసు. లాడ్జీలో పక్కగది మనిషి ఫోన్ మాట్లాడుతుంటే గోడ అవతల నుంచి ఒక్క మాటా అర్థంకాదు. అయినా అతనిది శ్రీకాకుళం వైపా, కర్నూలు వైపా అని చెప్పెయ్యగలం. గోడ దాటి వచ్చేది వాక్యం తీసుకునే రాగం ఒక్కటే. ఎక్కడ సాగదీశాడు, ఎక్కడ కొరికేశాడు, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ప్రశ్న అడిగినప్పుడు గొంతు ఎక్కడ లేచింది. మొదట దీన్ని పట్టుకోండి. మాటలు లేకుండా కూనిరాగంలా ఆ రాగాన్ని గొంతులో తిప్పుకోండి. అది కుదిరాకే స్క్రిప్టు తెరవండి.

తెలుగు రాదని కుమిలిపోతున్న నటులకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. రాకపోవడం మీకు కలిసొచ్చే సంగతి. గుంటూరులో పుట్టి పెరిగిన అమ్మాయి బాన్సువాడ పిల్లలా మాట్లాడాలంటే ముందు తన తెలుగుతో తాను పోట్లాడాలి. నీలగిరుల్లో కోటగిరి నుంచి వచ్చిన, బడగ మాతృభాషగా గల సాయిపల్లవికి ఆ పోట్లాట లేదు. 2017లో వచ్చిన ఫిదాలో బాన్సువాడ భానుమతికి ఆమె తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది. తెలంగాణ ఇళ్ళలో ఆ పిల్లను మా పిల్ల అనుకున్నారు. అంతకు చాలా ముందే, మహారాష్ట్రలో పుట్టిన ఒకామె ఈ యాసను ఎంతగా సొంతం చేసుకుందంటే, తెలంగాణ అన్న మాట ఆమె పేరులోనే చేరిపోయింది. ఆ తెలంగాణ శకుంతలే 2003లో ఒక్కడులో కర్నూలు ఇంటి పెద్దావిడగా సీమ మాట పలికింది. ఇద్దరూ సున్నా నుంచి విన్నవాళ్ళే.

కష్టమంతా సొంత ప్రాంతం పాత్ర దొరికినవాళ్ళకు. "నాది ఆ ఊరే కదా" అన్న ధీమాతో వస్తారు. ఇంగ్లీషు మీడియం, హాస్టలు, హైదరాబాద్ ఉద్యోగం కలిసి ఆ యాసను ఎప్పుడో అరగదీసేశాయని వాళ్ళకు తెలియదు. కెమెరా ముందు నోట్లోంచి వచ్చేది ఊరి మాట అనుకుంటారు. వచ్చేది మాత్రం ఇతర సినిమాల్లో విన్న ఊరి మాట. మీరూ అలాంటివారైతే మీ నాలుకను నమ్మకండి. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆమె పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు, ఆమెకు చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

మాటల పట్టీ చింపెయ్యండి

యాస అంటే ప్రత్యేకమైన మాటలు అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అందుకే తెలంగాణ పాత్ర అనగానే వాక్యానికో గిట్ల, గట్ల పడుతుంది. గోదావరి పాత్ర అనగానే ప్రతి మాట చివరా ఆయ్ వచ్చి కూర్చుంటుంది. సీమ పాత్ర అప్పా అనకుండా ఊపిరి తీసుకోదు. ఆ ఊళ్ళవాళ్ళు ఈ మాటలు అనరని కాదు. అన్నప్పుడు వాళ్ళకు తెలియకుండా అంటారు. నటుడు మాత్రం వాటిని పట్టుకుని వేలాడతాడు.

ఒక మామూలు వాక్యం చూడండి. మామ వచ్చాడు, అన్నం తిన్నాడు, వెళ్ళిపోయాడు. ఇందులో ఏ ప్రాంతానికీ ప్రత్యేకమైన మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు తెలంగాణలో వినండి: మామ వచ్చిండు, అన్నం తిన్నడు, ఎల్లిపోయిండు. గోదావరి వైపు: మామొచ్చేడు, అన్నం తినేసేడు, ఎళ్ళిపోయేడు. సీమలో: మామ వచ్చినాడు, అన్నం తిన్న్యాడు, పోయినాడు. శ్రీకాకుళంలో: మామ వచ్చినాడు, అన్నం తినీసినాడు, ఎల్లిపోనాడు. మామ మారలేదు, అన్నం మారలేదు. మారిందల్లా క్రియే, ముఖ్యంగా దాని తోక, దాంతో మనిషే మారిపోయాడు. భాషా శాస్త్రవేత్తలు తెలుగు మాండలికాలను గుర్తుపట్టడానికి ఇలాంటి క్రియారూపాలను కూడా చూస్తారు.

కాబట్టి స్క్రిప్టు చేతికి రాగానే విచిత్రమైన మాటల కింద గీతలు గీయకండి. క్రియల కింద గీయండి. ఆ తోకలు నిద్రలో అడిగినా తడబడకుండా రావాలి. అవి కుదిరితే డైలాగులో ఒక్క ప్రాంతీయ పదం లేకపోయినా ప్రేక్షకుడు మీ ఊరు చెప్పేస్తాడు. అవి కుదరకపోతే వంద పదాలు వాడినా వేషం వేషంలాగే ఉంటుంది.

పదాల సంగతి రచయితకు వదిలెయ్యండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదకోశం, ఆ తర్వాత చేనేత మీద వచ్చిన సంపుటం, డైలాగులు రాసేవాళ్ళ బల్ల మీద ఉండాలి. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంది. మల్లేశం సినిమా లాంటి చేనేత కథ రాసేవారికి అది నిధి. నటుడు దాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

జిల్లాను వదిలేసి ఒక మనిషిని పట్టుకోండి

తెలంగాణ యాస అనే ఒక్క వస్తువు ఎక్కడా దొరకదు. నల్లగొండలో వచ్చిండు అనేది కరీంనగర్ పల్లెల్లో అచ్చిండు అవుతుంది. ఆదిలాబాద్‌కు మరాఠీ పొరుగు, హైదరాబాద్ పాతబస్తీకి దక్కనీ ఉర్దూ తోడు. సీమ కూడా అంతే. చిత్తూరు మాటలో తమిళం గాలి తగులుతుంది, అనంతపురం మాటలో కన్నడం గాలి. 2021లో వచ్చిన సినిమా బండిని ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లె మాటలోనే తీశారు. ఆ మాటను ఏ జిల్లా గాటన కట్టాలో ఎవరూ అడగలేదు, అందరూ నమ్మారు.

ఊరు ఒక్కటే అయినా సరిపోదు. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది. అందులోవాళ్ళంతా దాదాపు ఒకే నేల మీద తిరిగేవాళ్ళు. గిరీశం మాట మధురవాణికి సరిపోదు, లుబ్ధావధాన్లు మాట హెడ్డు కానిస్టేబుల్‌కు సరిపోదు. కులం, చదువు, వయసు, వృత్తి, ఎవరి పంచన పెరిగారన్నది, ఇవన్నీ నాలుక మీద కూర్చుంటాయి. ఏ పాత్ర వేసే నటుడైనా ముందు ఆ నాటకాన్ని గట్టిగా పైకి చదవాలి. ఒక్క జిల్లా పేరుతో యాసను ముగించెయ్యడం ఎంత బద్ధకమో అప్పుడు నోటికే తెలుస్తుంది.

అందుకని పదిమంది దగ్గర పది ముక్కలు ఏరుకోకండి. మీ పాత్ర వయసున్న, ఆ పని చేసే, ఆ ఊరి మనిషిని ఒక్కర్ని చూసుకుని, వాళ్ళను మాత్రమే వినండి. ఆ ఒక్కరి నత్తి, ఆ ఒక్కరి ఊతపదం, వాక్యం మధ్యలో వదిలేసే అలవాటు, అన్నీ తెచ్చుకోండి. "మా దగ్గర అందరూ అలా అనరు" అని ఎవరైనా అంటే అననివ్వండి. పాత్ర అందరూ కాదు కదా.

యాస నిలకడగా ఉండకూడదు

విమర్శకులు తరచూ పట్టే తప్పు ఇది: "ఒకచోట యాస ఉంది, ఇంకోచోట లేదు." నటులు దీనికి భయపడి మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఒకే పాకం పట్టేస్తారు. బతికున్న మనిషి ఎవరూ అలా మాట్లాడరు.

వరంగల్లో ఒక టీ కొట్టు దగ్గర నా పక్కన నిలబడ్డ మనిషికి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి. వెన్ను కాస్త వంచి, "సోమవారం తప్పకుండా వస్తాను సార్, కాయితాలన్నీ తీసుకొస్తాను సార్" అన్నాడు. ప్రతి అక్షరం ఇస్త్రీ చేసినట్టుంది. పెట్టేసి వెంటనే తమ్ముడికి చేశాడు. "సోమారం పోవాల్నట. బండి తెస్తవా, బస్సుకు పోవాల్నా?" గొంతు దిగింది, వెన్ను లేచింది, ఎడమచెయ్యి నడుమ్మీదకు పోయింది. రెండు ఫోన్లకూ మధ్య చాయ్ ఒక్క గుక్క తాగాడు. ఆ మనిషిని తెరమీద పెట్టి రెండు ఫోన్లూ ఒకే యాసలో మాట్లాడిస్తే, బ్యాంకు ముందు అతను పడ్డ బెరుకు మొత్తం పోతుంది. అతని గురించి మనకు తెలియాల్సింది ఆ బెరుకే.

కాబట్టి స్క్రిప్టు మార్జిన్‌లో ప్రతి డైలాగు పక్కనా ఒక్క మాట రాసుకోండి: ఎవరితో. అమ్మతో, ఎస్సైతో, ప్రేమించిన పిల్లతో, పోటీదారుతో. ఎవరి దగ్గర యాస వదులవుతుందో, ఎవరి దగ్గర దాక్కుంటుందో దర్శకుడితో కూర్చుని తేల్చుకోండి. కారణం ఉన్న మార్పును ప్రేక్షకుడు తప్పు పట్టడు. అలసిపోయి మరిచిపోయిన మార్పును మాత్రం వదలడు, వదలకూడదు కూడా.

గొంతు చించుకోకండి

ప్రేమించుకుందాం రా, సమరసింహారెడ్డి తర్వాత సీమ యాస అంటే అరుపు అనే ముద్ర పడిపోయింది. ఆ ముద్రకు ఆ రెండు సినిమాల్లోనూ నటించిన జయప్రకాశ్‌రెడ్డిని తప్పుపట్టేవాళ్ళున్నారు. అది అన్యాయం. సీమలోని సిరివెళ్ళలో పుట్టి, పిల్లలకు లెక్కలు చెప్పి, నాటకాల్లోంచి వచ్చిన మనిషి ఆయన. అలెగ్జాండర్ నాటకంలో వేదిక మీద ఒక్కడే నిలబడి కథంతా నడిపించాడు. ఆయన అరుపు వెనక అరవని మాట ఎంతో ఉంది. ఆయన్ను చూసి నేర్చుకున్నవాళ్ళు పైనున్న అరుపు ఒక్కటే తీసుకుపోయారు.

సీమ ఇళ్ళలో రోజంతా నడిచే మాట వాన గురించి, శనక్కాయ ధర గురించి, బోరులో నీళ్ళ గురించి, అల్లుడి జబ్బు గురించి. దాన్ని తెరమీద విన్నవాళ్ళు తక్కువ. అందుకే మీకు సీమ పాత్ర దొరికితే, అందులోని అన్నిటికన్నా కోపం డైలాగును మొదట గుసగుసగా చెప్పుకోండి. గుసగుసలో నిలబడని యాస అరుపులోనూ నిలబడదు, అరుపు దాన్ని కప్పిపెడుతుందంతే. 1975లో ముత్యాల ముగ్గులో రావుగోపాలరావు కాంట్రాక్టరు గొంతు పెంచకుండా, తాపీగా, గోదావరి నీళ్ళలా సాగదీస్తూ మాట్లాడతాడు. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన ఆ మాటల్లో భయమంతా ఆ తాపీలోనే ఉంది.

సెట్లో నవ్వితే ఆగిపోండి

రిహార్సల్లో మీరు నోరు తెరవగానే యూనిట్ అంతా పగలబడి నవ్వి, "అదిరింది బ్రదర్" అన్నదనుకోండి. డైలాగు నవ్వుకోసం రాసింది కానప్పుడు ఆ మెప్పును తీసుకోవద్దు. వాళ్ళు నవ్వింది పాత్ర అన్న సంగతికి కాదు, పాత్ర మాట్లాడిన తీరుకి. అక్కడే ఆపి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి.

ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. దశాబ్దాల పాటు మన సినిమాల్లో హీరో పత్రికల తెలుగు మాట్లాడితే, తెలంగాణ మాట విలన్‌కీ, రౌడీకీ, కమెడియన్‌కీ దక్కింది. ఉత్తరాంధ్ర మాట పనిమనిషికీ, అమాయకుడికీ దక్కింది. 1985లో ప్రతిఘటనలో కాశయ్య పాత్రకు కోట శ్రీనివాసరావు తెలంగాణ మాట పలికిన తీరు గొప్పది. కృష్ణా జిల్లా కంకిపాడు నుంచి వచ్చిన మనిషి అంత పట్టు సాధించడం మామూలు సంగతి కాదు. తప్పు ఆ నటుడిది కాదు. ఆ యాసకు మంత్రి వేషం ఇచ్చి, దాన్నే మాట్లాడే టీచరునూ రైతునూ తల్లినీ రాయనివాళ్ళది. ఒక ప్రాంతంలో పిల్లలు బడికి వెళ్ళి, తమ అమ్మ మాట్లాడినట్టు మాట్లాడితే నవ్వుతారని నోరు నొక్కుకున్నారంటే అందులో సినిమాకూ వాటా ఉంది.

ఆ ప్రాంతాల నుంచే వచ్చిన సమాధానాలు నాకు ఎంతో సంతోషాన్నిచ్చాయి. కంచరపాలెం మనుషులే తమ మాట తాము మాట్లాడిన కేరాఫ్ కంచరపాలెం 2018లో వచ్చింది. 2020లో పలాస 1978 వచ్చింది. 2023లో ఒకే నెలలో బలగం, దసరా వచ్చాయి. బలగంలో చావింట్లో ఏడ్చినా, పోట్లాడుకున్నా, మూతి ముడుచుకున్నా అదే మాట. అక్కడ నవ్వు వచ్చినచోట్ల మనుషుల మంకుపట్టుకు వచ్చింది, మాటకు రాలేదు. యాసకు ఏడిచే హక్కు, ప్రేమించే హక్కు, తత్వం చెప్పే హక్కు ఉందని నటుడు ముందుగా తను నమ్మాలి. కామెడీ వీడియోలు చూడొద్దని అందుకే అంటున్నాను. అవి నేర్పేది ఎక్కడ నవ్వించాలో, అంతే.

అద్దం ముందు నిలబడకండి

అద్దంలో మీరు మీ మూతిని చూసుకుంటారు, యాసకు మూతి అంత ముఖ్యం కాదు. బస్తా మోస్తూ, చెంబుతో నీళ్ళు పోసుకుంటూ, బండి తుడుస్తూ చెప్పండి. పుష్పలో అల్లు అర్జున్ ఒక భుజం ఎత్తి నడిచిన తీరు గుర్తుందిగా. చెన్నైలో పుట్టిన నటుడి నోట చిత్తూరు మాట నిలబడిందంటే, దానికి ముందు ఒళ్ళు ఆ మాటకు ఒప్పుకుంది. ఆ భుజం మామూలుగా ఉండి ఉంటే ఆ మాట అంత సులువుగా వచ్చేది కాదని నా నమ్మకం. 2021 సినిమాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడి అవార్డు ఆయనకు వచ్చింది. తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి.

"డబ్బింగ్‌లో చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి

డబ్బింగ్ గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూసినవాళ్ళకు ఈ మాట వింటేనే గుబులు. సెట్లో నటుడు వచ్చాడు అన్నాడు. చ్చా దగ్గర నోరు బాగా తెరుచుకుంది, కెమెరా దాన్ని క్లోజప్‌లో పట్టుకుంది. ఇప్పుడు మైకు ముందు వచ్చిండు అనాలి. చ్చిం దగ్గర పెదవులు వెడల్పుగా సాగి, నోరు సన్నమవుతుంది. తెరమీద నోరు తెరిచి ఉంది, చెవిలో నోరు మూసిన శబ్దం. నటుడు మళ్ళీ చెబుతాడు, మళ్ళీ చెబుతాడు, చివరికి ఇంజినీరు "పోనీలే సార్, బీజీఎం వస్తుంది" అంటాడు. ప్రేక్షకుడికి కారణం తెలియదు, ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది. యాస సెట్లోనే నోట్లో ఉండాలి. కెమెరా తిరిగాక చేర్చగలిగింది చాలా తక్కువ.

అలాగని మీ గొంతే ఉండాలని పంతం పట్టకండి. సొంత గొంతుతో చెబితేనే నిజాయితీ అని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు, నేను ఒప్పుకోను. అరుంధతిలో సోనూ సూద్ పశుపతికి రవిశంకర్ గొంతు లేకపోతే ఆ పాత్ర ఉందా? నేర్చుకోవడానికి మీకు నెలలు ఇవ్వకుండా వారాలే ఇస్తే, ఆ జిల్లా డబ్బింగ్ కళాకారుణ్ణి పెట్టమని మీరే అడగండి. సెట్లో మాత్రం ఆ క్రియలు ఆ తోకలతోనే పలకండి, పెదవులు వాళ్ళకు సహకరించాలి కదా.

ఇంకో దారి ఉంది, దాన్ని మనవాళ్ళు అరుదుగా వాడతారు. మీ పరాయి యాసను దాచకుండా పాత్రలోకే తెచ్చుకోవడం. మహానటిలో జెమినీ గణేశన్‌గా దుల్కర్ సల్మాన్ తన తెలుగు తానే చెప్పుకున్నాడు. ఆ పాత్ర మద్రాసు మనిషిది, తెలుగు పుట్టుకతో వచ్చిన భాష కాదు. దుల్కర్ నోట్లో తెలుగు కాస్త కొత్తగా తోచినచోట అది పాత్రకే కుదిరింది. దర్శకుణ్ణి అడగండి: ఈ మనిషి ఈ ఊరివాడే కావాలా? ఎక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాడు కాకూడదా? ఒక్కోసారి అవునంటారు, కథకూ కొత్త కోణం దొరుకుతుంది.

నేర్పినవాళ్ళ పేరు అడగండి

నటుడు ఇలాంటివి అడగకూడదని, అది ప్రొడక్షన్ వ్యవహారమని పెద్దలు చెబుతారు. వినకండి. మీకు ఆ ఒక్క మనిషి దొరికారు కదా, వారాల తరబడి మీ పక్కన కూర్చుని, డైలాగు పేపరు మీద క్రియలు దిద్ది, సెట్లో మానిటర్ పక్కన నిలబడి తల అడ్డంగా ఊపినవారు. చాలా సినిమాల్లో వారికి దక్కేది భోజనం, బస్సు చార్జీ, ఒక సెల్ఫీ. ఫైట్ మాస్టరుకు కార్డు పడుతుంది, డాన్స్ మాస్టరుకు కార్డు పడుతుంది, పాత్ర నాలుకను తయారుచేసినవారికి పడదు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే రోజునే అడగండి. యాస శిక్షణ అని వారి పేరు టైటిల్స్‌లో పడాలి, రోజుకింత అని పారితోషికం కాగితం మీద ఉండాలి, డబ్బింగ్ పూర్తయ్యేదాకా వారిని పంపించకూడదు. షూటింగ్ మొదలయ్యాక అడిగితే నవ్వి ఊరుకుంటారు, రిలీజయ్యాక అడిగితే ఫోన్ ఎత్తరు.